నల్లబడిన డాలరు కోసం నెవాడా దాకా

అమెరికా నుంచి వచ్చాక మా తెనాలి వీధిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, నయాగరా చూశావా అని. చూడలేదు. మా తమ్ముడి సెలవులన్నీ వెండి డాలర్ల వెనక తిరగడానికే సరిపోయాయి. పక్కింటివాళ్లు జాలిపడ్డారు గానీ నాకేం బెంగ లేదు. నేను చూసింది నోటితో చెబితే ఎవరికీ ఎక్కడం లేదు కాబట్టి ఇలా రాయడానికి కూర్చున్నాను.

రెడ్‌మండ్

ముందు మా సంగతి. మా మామగారిది తెనాలిలో వెండి కొట్టు. సగం జీవితం ఆ కొట్టు గల్లా దగ్గరే గడిపాను. వెండి గురించి నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదని నా ధీమా. పెద్దక్క సుశీలది గుడివాడ. ఈమధ్యే డెబ్బై దాటింది. అమ్మకి ఎప్పుడూ ఒంట్లో బాగుండకపోవడంతో మా తమ్ముడు ప్రభాకర్‌ని చంకనేసుకుని పెంచింది తనే. వాడు అమెరికా పడమటి కొసన రెడ్‌మండ్ అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ చాలా ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. ఈ వేసవికి ఇద్దరక్కల్నీ పిలిపించుకున్నాడు.

వాడికి పాత అమెరికా వెండి నాణేల పిచ్చి. వెళ్లిన మర్నాడే నీలం అట్ట ఆల్బం తెచ్చి మా ముందు పెట్టాడు. అట్టల్లో గుండ్రటి గుంటలు, గుంటకొక వెండి డాలరు. ఒక వైపు ఆడమనిషి ముఖం, రెండో వైపు రెక్కలు చాచిన గద్ద. గద్ద కింద కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనబడనంత చిన్నగా ‘సీసీ’ అని రెండు అక్షరాలు. నెవాడా రాష్ట్రంలో కార్సన్ సిటీ అనే ఊరి టంకశాలలో అచ్చువేసినవని దానర్థం. ఆ టంకశాల కొన్నేళ్లే నడిచి మూతపడింది. అచ్చువేసిన ప్రతి సంవత్సరానికీ ఒకటి చొప్పున మావాడు కూడబెట్టుకొచ్చాడు. చివరి పేజీలో ఒక్క గుంట మాత్రం ఖాళీ.

ఆ గుంటకి సరిపోయే డాలరు ఎవరి దగ్గరుందో వాడికి తెలుసు. వాడికి నాణేలు చూడడం నేర్పింది ఎర్ల్ అనే పెద్దాయన. ఒకప్పుడు ఆఫీసులో వాడి పక్క సీటు. రిటైరయ్యాక భార్య రూత్‌తో కలిసి నెవాడా వెళ్లిపోయాడు. డాలరు ఆయనదే. బతికున్నన్నాళ్లూ అమ్మలేదు గానీ, నా తర్వాత అది నీది, న్యాయమైన ధర ఇచ్చి తీసుకో అని మాటిచ్చాడట. ఆయన పోయి ఏడాది దాటాక రూత్ ఫోన్ చేసింది, వచ్చి తీసుకెళ్లు, ధర కూడా నువ్వే చెప్పు అని.

“నేను చెప్పడం కరెక్ట్ కాదు చిన్నక్కా” అన్నాడు ప్రభాకర్. “కార్సన్ సిటీలో ఒక డీలర్ ఉంది. ఆవిడకి చూపిద్దాం. ఆవిడ ఎంతంటే అంత. ఎలాగూ డ్రైవ్ చేసుకుని వెళ్లాలి, మీరిద్దరూ రండి.”

“ఒక్క బిళ్ల కోసం అంత దూరమా?” అంది పెద్దక్క. అని, మూడు డబ్బాల జంతికలూ, డబ్బాడు పులిహోర గుజ్జూ సర్దింది.

యాకిమా

మొదటి రోజు కొండలు దిగేసరికి పచ్చదనమంతా ఎవరో తుడిచేసినట్టు పోయి, ఎండు గడ్డి కొండలు వచ్చాయి. వాటి మధ్య యాకిమా లోయ మాత్రం పళ్లతోటలతో నిండుగా ఉంది. రోడ్డు పక్కన ఒక మెక్సికన్ తల్లీ కూతుళ్లు చెర్రీపళ్లు అమ్ముతున్నారు. తూకం ఏం లేదు, బకెట్ లెక్క. రెడ్‌మండ్ షాపులో గుప్పెడు పళ్లకి పెట్టిన డబ్బుకి ఇక్కడ సగం బకెట్టు వచ్చింది. పెద్దక్క అలవాటు కొద్దీ కొసరు అడిగింది, తెలుగులోనే. ఆ తల్లి నవ్వి రెండు దోసిళ్లు పైన పోసింది. కొసరనేది ఏ భాషలో అడిగినా అర్థమవుతుందని అప్పుడు తెలిసింది.

కారెక్కాక నేను వెండి కబుర్లు మొదలుపెట్టాను. మా కొట్టుకి పాత వెండి అమ్మడానికి వచ్చేవాళ్లలో తెలివైనవాళ్లు ముందుగా శుభ్రంగా తోమి తెచ్చేవారు. మురికిగా తెస్తే మా మామగారు మొహం చిట్లించి, మురికి తరుగు అని కొంత కోసేసేవారు. అదే తళతళలాడుతూ తెస్తే కోయడానికి నోరు రాదు. ఇదంతా నేను గొప్పగా చెప్పుకుంటూ పోయాను. పెద్దక్క వెనక సీట్లో చెర్రీ గింజలు కవర్లో వేసుకుంటూ శ్రద్ధగా వింది.

“చింతపండు పెట్టేవాళ్లా?” అంది.

“చింతపండు ఇత్తడికి. వెండికి విభూతే” అన్నాను.

“నాకు తెలీదా, నిన్ను పరీక్షించాను” అంది.

ప్రభాకర్ అప్పుడు ఫోన్‌లో రూత్‌తో మాట్లాడుతున్నాడు. మా మాటలు వాడి చెవిన పడలేదు.

రెండో రెడ్‌మండ్

కొలంబియా నది దాటి పక్క రాష్ట్రం ఆరిగాన్‌లో పడ్డాం. సాయంత్రం అవుతుండగా పెద్దక్క ఒక బోర్డు చూసింది. తనకి ఇంగ్లీషు రాకపోయినా, రెడ్‌మండ్ అన్న పదం మాత్రం ఇన్నాళ్లు చూసి చూసి బొమ్మలాగా గుర్తుపడుతుంది.

“ఒరేయ్ ప్రభా, పొద్దుట్నుంచీ తిప్పి తిప్పి మళ్లీ ఇంటికే తెచ్చావేంట్రా?”

ఆరిగాన్‌లోనూ ఒక రెడ్‌మండ్ ఉందట. వాడు ఎంత చెప్పినా అక్క నమ్మలేదు. మంచు కప్పుకున్న అగ్నిపర్వతాలు వరసగా కనబడ్డాక, ఇవి మనింటి దగ్గర లేవులే అని ఒప్పుకుంది.

ఆ పక్క ఊరు బెండ్‌లో రాత్రికి ఆగాం. మోటెల్ ఎదురుగా పాత సామాన్ల దుకాణం. గుర్రపు జీనులూ, తుప్పు పట్టిన రంపాలూ, వాటి మధ్య ఒక గాజు పెట్టెనిండా చిల్లర నాణేలు. దుకాణదారు గడ్డం మనిషి, నిదానంగా మాట్లాడతాడు. పంతొమ్మిదివందల అరవైల మధ్యదాకా ఈ దేశంలో ఒకటి, అయిదు సెంట్ల బిళ్లలు తప్ప చిల్లరంతా వెండేనట. పిల్లలు మిఠాయి కొనుక్కున్న పావలా కూడా నూటికి తొంభై పాళ్లు వెండి. మనవైపు వెండి మట్టెలు కొనడానికి ముహూర్తం చూసుకునే రోజుల్లో ఇక్కడ దాంతో బస్సు టిక్కెట్టు కొన్నారన్నమాట.

అరిగిపోయి, అరుదైనవి కానివన్నీ ఆ పెట్టెలో పడతాయి. వాటిని బరువు లెక్కనే కొంటారు, అమ్ముతారు. ఇదైతే నా సబ్జెక్టే. ఆ గడ్డం మనిషి వెండివీ, వెండి కానివీ కలిపి కొన్ని పావలాలు బల్లమీద పరిచి, చూడకుండా చెప్పగలవా అన్నట్టు నవ్వాడు. నేను కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ గోటితో మీటాను. వెండి మోత సాగుతుంది, రాగిది టక్కున ఆగిపోతుంది. అన్నీ సరిగ్గా చెప్పాను. ఆయన టోపీ తీసి వంగి, ఒక అరిగిన వెండి బిళ్ల నా చేతిలో పెట్టాడు.

“చిన్నక్కకి ఇక్కడే జాబ్ ఇప్పించెయ్యొచ్చు” అన్నాడు ప్రభాకర్. ఆ పూట నా కాళ్లు నేలమీద లేవు.

డేటన్

రెండో రోజంతా కారులోనే. క్లామత్ ఫాల్స్ దగ్గర దూరంగా షాస్టా పర్వతం కనిపించింది. చుట్టూ ఏ తోడూ లేకుండా ఒక్కటే, నెత్తినుంచి నడుం దాకా మంచు. పెద్దక్క కారాపించి దిగి, చెప్పులు విప్పి దణ్ణం పెట్టింది. ఏ దేవుడని నేను అడగలేదు. నేనూ పెట్టాను. అంత పెద్దది కళ్లముందుంటే చేతులు వాటంతటవే కలిశాయి.

కాలిఫోర్నియా మూల దాటి నెవాడాలోకి వచ్చాక చెట్లు లేవు. బూడిద రంగు పొదలు, ఉప్పు తేలిన నేల, వాటిమీద మేఘాల నీడలు నడుస్తూ కనబడేంత ఖాళీ. కార్సన్ సిటీ దాటి కాస్త ముందుకెళితే డేటన్ అనే చిన్న ఊరు. రూత్ ఇంటి ముందు కారు ఆపితే వాకిట్లో అడవి గుర్రాలు నిలబడి ఉన్నాయి. అవి ఎవరివీ కావట, కొండమీంచి వచ్చి పోతుంటాయట. మనూళ్లో వాకిట్లోకి గేదెలొస్తాయి, ఇక్కడ గుర్రాలొస్తాయి. రూత్ తువ్వాలు ఊపి వాటిని అదిలించి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది.

ఎనభైకి దగ్గరలో ఉన్న మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. మేం మాంసం తినమని తెలిసి చిక్కుడు గింజలూ, కాల్చిన బంగాళాదుంపలూ, మొక్కజొన్న రొట్టె చేసింది. రొట్టెలో గుడ్డు వేయలేదని మూడుసార్లు చెప్పింది. పెద్దక్కకి గుడ్డు అన్న మాటే గిట్టదు. ప్రభాకర్ ఇంట్లో కూడా తనున్నన్నాళ్లూ గుడ్డు రానివ్వలేదు.

రూత్ అతిథులకని వెండి చెంచాలు తీసింది. “వీటితో మాత్రం ఎర్ల్ నన్ను గుడ్డు తిననిచ్చేవాడు కాదు. నిమిషంలో నల్లబడతాయి” అంది. నేను తెలుగులో చెప్పాను.

“వెండే వద్దంటుంటే ఇంక తినడమెందుకు?” అంది పెద్దక్క. అది ఇంగ్లీషులో చెబితే రూత్ పడిపడి నవ్వింది. భోజనం అయ్యేసరికి వాళ్లిద్దరూ నా సాయం లేకుండానే చేతులతో మాట్లాడేసుకుంటున్నారు. పెద్దక్క గిన్నెలు కడుగుతానని సింకు దగ్గర నిలబడింది, రూత్ వద్దని లాగింది, చివరికి అక్కే గెలిచింది.

అక్క వంటింట్లో ఉండగా రూత్ ఆ డాలరు తెచ్చింది. దశాబ్దాల పాటు కాగితపు కవర్లో ఉందట. చూడగానే నాకు నీరసం వచ్చింది. మాడిన పెనం అంచులా నల్లగా ఉంది. మా కొట్టుకి వస్తే మా మామగారు గుమ్మం దగ్గరే ఆపేసేవారు.

ప్రభాకర్ దాన్ని అంచులు పట్టుకుని, బల్లదీపం కిందకి తెచ్చి కొంచెం వంచాడు. “ఇప్పుడు చూడు.”

ఆ నలుపు కదిలింది. ఆడమనిషి చెంపమీంచి నీలం జారి, మెడ దగ్గర వంగపండు రంగులోకి తిరిగి, అంచుల్లో నిప్పు రంగు అయింది. ఇంకొంచెం వంచితే నెమలి మెడలో ఉండే ఆకుపచ్చ. అడుగున ఎక్కడో వెండి వెలుగు ఉంది, దానిమీద ఈ రంగులు నూనెలా తేలుతున్నాయి. ఎవరూ వేసిన రంగులు కావు. గాలీ, కాగితం, కాలం కలిసి పట్టించిన పొర. నా జీవితంలో వెండి చూసినంతగా అన్నం కూడా చూసి ఉండను. అయినా వెండి ఇలా ఉంటుందని నాకు తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడలేదు, ప్రభాకర్‌కీ తిరిగాయి.

“ఈ పొరకే విలువ చిన్నక్కా. దీన్నెవరూ తయారుచేయలేరు. వెండి వెయిట్ ఎవడిక్కావాలి” అన్నాడు. వాడు ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాడు. రూత్ ఆ డాలరుని పొద్దున్న డీలర్ దగ్గరికి తీసుకెళ్లడానికని ఒక సాసర్లో పెట్టి బల్లమీద ఉంచింది. పెద్దక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, “ఇదేనా? రేపు కొట్టుకి తీసుకెళ్లేది?” అని అడిగింది. అవునన్నాను.

డేటన్, మర్నాడు

నేను లేచేసరికి వంటింటి కిటికీలోంచి ఎండ పడుతోంది. పెద్దక్క అప్పటికే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, సింకు పక్కన నిలబడి ఉంది. సగం నిమ్మచెక్క, తన సంచిలోని విభూతి పొట్లం, తడి గుడ్డ. తెల్ల తువ్వాలు మీద డాలరు. అద్దంలా మెరుస్తోంది.

“చూడవే, ఎంత మసి వదిలిందో” అంది. “ఆ మహాతల్లి మనకి ఇంత వండిపెట్టింది. నల్లముఖంతో కొట్టుకి తీసుకెళితే తరుగు కోసేస్తారు, పాపం. నువ్వే చెప్పావుగా.”

నేను దాన్ని ఎండలో తిప్పాను. ఇటు వంచాను, అటు వంచాను. తెలుపు తప్ప ఏం లేదు.

ప్రభాకర్ వచ్చాడు. సాసర్ వంక చూశాడు, తువ్వాలు వంక చూశాడు. అంచులు పట్టుకునే తీసి కిటికీ దగ్గరికి నడిచాడు. వాడి వీపు మాత్రమే నాకు కనబడుతోంది.

“బాగుందిరా?” అంది పెద్దక్క.

“బాగుందక్కా” అన్నాడు వాడు. డాలరు సాసర్లో పెట్టి, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. నిన్న గుర్రాలు నిలబడ్డ చోట వాడు నిలబడ్డాడు.

రూత్ వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాణేల మనిషితో కాపురం చేసిన మనిషి, ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చెయ్యి దింపాక పెద్దక్క భుజం మీద వేసి, కుర్చీ లాగి కూర్చోబెట్టి, కాఫీ పోసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, “ఎర్ల్ ఉంటే మూర్ఛపోయేవాడు. మీ అక్కకి మాత్రం చెప్పొద్దు” అంది.

అక్కమీద నాకు కోపం రాలేదు. నామీద వచ్చింది, మా కొట్టుమీద వచ్చింది.

కార్సన్ సిటీ

అయినా డీలర్ దగ్గరికి వెళదామన్నాడు ప్రభాకర్. ఫొటోలు చూపించి కడగకముందటి ధరే కనుక్కుంటాడట, ఆ ధరే ఇస్తాడట. రూత్ కుదరదు, అంత తీసుకోనంది. కారులో దారిపొడవునా ఇద్దరూ ఇంగ్లీషులో మెల్లగా వాదించుకున్నారు. పెద్దక్క, “ధర దగ్గర పేచీ వచ్చిందా? ఆవిడ ఎక్కువ అడుగుతోందా?” అని నన్ను పొడిచింది. అటూ ఇటూ కాని జవాబు చెప్పాను.

డీలర్ యాభై దాటిన మనిషి. మెడలో తాడుకి భూతద్దం వేలాడుతోంది. దుకాణంలో ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. నాణెం మీదకి ఊపిరి తగలకుండా ముఖం పక్కకి తిప్పుకుని మాట్లాడుతున్నారు. మా కొట్టులో అయితే నాణేన్ని బండమీద కొట్టి మోత వినేవాళ్లం, అనుమానం వస్తే గీటురాయి మీద గీసేవాళ్లం. అది చూస్తే వీళ్లు ఏమైపోయేవారో.

ఆవిడ డాలరు తీసుకుంది. భూతద్దం కంటిదాకా వెళ్లకుండానే ఆగిపోయింది. ఒక్క వేలితో దాన్ని మావైపు జరిపింది. ఆ వేలు జరిపిన తీరు నాకు బాగా తెలుసు. గిల్టు గొలుసులు తెచ్చినవాళ్లకి మా మామగారు అలాగే జరిపేవారు. పెద్దక్క కూడా మా కొట్టులో అది ఎన్నోసార్లు చూసింది.

“ఎవరు కడిగారు దీన్ని?” అంది ఆవిడ.

రూత్ గుండెమీద చెయ్యి వేసుకుని, “నేనే. తోచక” అంది.

డీలర్ ఆమె వంక వింతగా చూసింది. ఎర్ల్ భార్య నాణెం కడిగిందంటే ఆవిడ నమ్మడం కష్టమే. పెద్దక్క అందరి ముఖాలూ వరసగా చూసింది. జరిపిన వేలు, రూత్ గుండెమీద చెయ్యి, నేల చూపులు చూస్తున్న తమ్ముడు. లేచి నిలబడి, నిమ్మపులుసుకి తెల్లబడిన తన రెండు చేతులూ బల్లమీద పెట్టింది.

“నో. మీ. ఐ వాష్” అంది.

ఆ మూడు ముక్కలూ ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. అప్పటిదాకా తను ఇంగ్లీషు మాట్లాడగా నేను వినలేదు. తర్వాత నావైపు తిరిగి, “ఏం చేశానో సరిగ్గా చెప్పు. దాచకు” అంది. చెప్పాను. రాత్రి చూసిన రంగులతో సహా అంతా చెప్పాను. ప్రభాకర్ ఫోన్‌లో ఫొటో చూపించాడు. చాలాసేపు చూసింది.

“ఇంత అందమైంది నా చేత్తోనే తీసేశానా నాన్నా” అంది.

డీలర్ రెండు ధరలు చెప్పింది. ఇప్పటి ధర, రెండోదానితో పోలిస్తే చిల్లర, అంతే. ఫొటోలో ఉన్నదాని ధర రాయడం నాకిష్టం లేదు. ప్రభాకర్ ఆ రెండోదానికే చెక్కు రాశాడు. రూత్ వెనక్కి నెట్టింది.

“రాత్రి చూడగానే అది నాదని అనేసుకున్నాను రూత్. నాదయ్యాకే మా అక్క కడిగింది” అన్నాడు.

రూత్ చెక్కు తీసుకుంది గానీ ఇవాళ్టిదాకా బ్యాంకులో వేయలేదట.

అక్కడినుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే పాత టంకశాల. రాతి కట్టడం, ఇప్పుడు మ్యూజియం. లోపల నాణేలు అచ్చువేసిన ఇనప యంత్రం అలాగే ఉంది, మా ఊరి రైసుమిల్లు యంత్రమంత. మేమున్నప్పుడు ఒకాయన దాన్ని నడిపించి చూపించాడు. వెండి బిళ్ల కిందకి వెళ్లింది, నేల అదిరింది, ముఖంతో బయటికి వచ్చింది. ప్రభాకర్ ఆల్బంలోని డాలర్లన్నీ ఈ దవడ కింద పుట్టినవే. మనుషులు పోయారు, ఊరు మారింది, యంత్రం దెబ్బ మాత్రం అదే. నా ఒళ్లు గగుర్పొడిచింది. పెద్దక్క యంత్రానికి దూరంగా, చేతులు కొంగులో దాచుకుని నిలబడింది.

వర్జీనియా సిటీ

నాలుగో రోజు పొద్దున రూత్ మమ్మల్ని కొండమీది వర్జీనియా సిటీకి తీసుకెళ్లింది. ఆ డాలర్లలోని వెండి ఈ కొండ కడుపులోదే. చెక్క బాటలు, పాత సారా దుకాణాలు, ఊరికింద గుల్లగా తవ్విన గనులు. ఒక గనిలోకి తలలు వంచి నడిచాం. లోపల చలి. చూపించే కుర్రది దీపం ఆర్పితే చీకటి మీదపడ్డట్టయింది. ఇంత చీకట్లోంచి ఆ వెలుగంతా బయటికి తెచ్చారా అనిపించింది.

ఆ అమ్మాయి ఒక కథ చెప్పింది. మొదట ఇక్కడికి వచ్చినవాళ్లంతా బంగారం కోసం వచ్చారట. పారలకి నీలం కలిసిన నల్ల బురద అంటుకుని విసిగిస్తుంటే, తిట్టుకుంటూ తీసి అవతల పారేశారట. ఎవరో ఆ బురదని పరీక్షకి పంపితే తేలింది, అదంతా వెండని. నేను పెద్దక్క చెవిలో తెలుగులో చెప్పాను.

“వాళ్లకీ తెలీలేదన్నమాట” అంది. నిన్నటినుంచీ అదే తన మొదటి మాట.

బయటికి వచ్చాక రూత్ ఐస్‌క్రీం కొనిపెట్టింది. గుడ్డు ఉందేమోనని అడిగి, లేనిది వెతికి మరీ కొంది. ఇద్దరూ ఒక బెంచీమీద కూర్చుని, కింద ఎడారి చూస్తూ తిన్నారు. వీడ్కోలప్పుడు పెద్దక్క తన విభూతి పొట్లం రూత్‌కి ఇవ్వబోయి, మధ్యలో ఆగి, సంచిలో పెట్టేసుకుంది. రూత్‌కి నవ్వాగలేదు. అక్కా నవ్వింది, ఏడుస్తూనే.

మళ్లీ రెడ్‌మండ్

తిరిగొచ్చే దారిలో రెండు రెడ్‌మండ్‌లూ వచ్చాయి గానీ పెద్దక్క దేని గురించీ మాట్లాడలేదు. ఇంటికి చేరిన సాయంత్రం ప్రభాకర్ పాలకోసం షాపుకి బయల్దేరుతుంటే పిలిచింది.

“ఒక కోడిగుడ్డు పట్రా.”

నేను సరిగ్గా విన్నానా అని అక్క వంక చూశాను.

“గుడ్డు తగిలితే వెండి నల్లబడుతుందని ఆవిడ చెప్పిందిగా. నేనే ఉడకబెడతాను. ఆ గిన్నె తర్వాత పారేద్దాం” అంది.

ప్రభాకర్ వచ్చి అక్క కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు. “అట్లా చేస్తే నల్లబడుతుంది గానీ అది ఫేక్ అక్కా. చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. దానంతట అదే రావాలి.”

“ఎన్నాళ్లు పడుతుంది?”

“ఎర్ల్ ఎన్వెలప్‌లో ఉన్నన్నేళ్లు. ఒక ఫిఫ్టీ ఇయర్స్ అనుకో. వచ్చినా, ఆ పాత పొర మళ్లీ రాదు.”

పెద్దక్క లెక్కేసుకుంది. “అయితే నేను చూడను.”

“నేనూ చూడను” అన్నాడు వాడు.

తర్వాత అక్క, “సరే, గుంట ఖాళీగా ఎందుకు, పెట్టెయ్. ఎవరో చూస్తారులే” అంది. వాడు నీలం ఆల్బం తెచ్చాడు. ఆఖరి పేజీ తీసి డాలరు అక్కకే ఇచ్చాడు. తను దాన్ని అంచులు పట్టుకుని, రూత్ ఇంట్లో తమ్ముడు పట్టుకున్నట్టే పట్టుకుని, గుంటలో నొక్కింది.

నేను బయల్దేరే ముందు ఆదివారం ప్రభాకర్ నాణేల స్నేహితులు నలుగురైదుగురు ఇంటికొచ్చారు. అందరూ తలలు పండిన అమెరికన్లు. సెట్టు పూర్తయిందని విని చూడడానికి వచ్చారు. పేజీలు తిప్పుతూ ఒక్కో నాణెం దగ్గర ఆగి, మెచ్చుకుంటూ ఆఖరి పేజీకి వచ్చారు. గోధుమ, నీలం, నల్లని డాలర్ల మధ్య అదొక్కటే పూజగదిలో పళ్లెంలా మెరుస్తోంది. తన దగ్గర ఇంతకంటే మంచిది ఉందని, ఇది తీసేసి అది పెట్టుకోమని ఒకాయన మర్యాదగా అన్నాడు.

“థాంక్స్. వద్దు” అన్నాడు ప్రభాకర్. గుమ్మం దగ్గర కాఫీ కప్పులతో నిలబడ్డ పెద్దక్క వైపు చెయ్యి చూపించాడు. “అది మా అక్క తోమింది.”